డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే సిబ్బందికి ఎంత ట్రైనింగ్ ఉండాలి? కాలిఫోర్నియా అసిస్టెడ్ లివింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బే ఏరియాలో ఒక ఆరు పడకల కేర్ హోమ్‌కి అడ్మినిస్ట్రేటర్‌ని. అంతకుముందు ఏడేళ్లు ఇలాంటి ఇళ్లలోనే కేర్‌గివర్‌గా చేశాను. నాకు ఫోన్ చేసే తెలుగువాళ్లు రెండు రకాలు: డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చిన అమ్మనో నాన్ననో ఎక్కడ చేర్పించాలో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్లు, ఈ పనిలోకి రావాలనుకుంటున్నవాళ్లు. ఇద్దరూ చివరికి అడిగేది ట్రైనింగ్ గురించే. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసిస్టెడ్ లివింగ్ అంటే నర్సింగ్ హోమే కదా?

కాదు. మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారి చిన్న ఆస్పత్రి. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే ఇరవై నాలుగ్గంటలూ నర్సులు ఉండి, మంచాన పడ్డవాళ్లకూ వైద్యం ఎక్కువ అవసరమైనవాళ్లకూ సేవ చేసే చోటు. దానికి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు వర్తిస్తాయి. అసిస్టెడ్ లివింగ్ అలా కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రూల్స్ పెట్టుకుంటుంది. అందుకే డల్లాస్‌లో మీ కజిన్ చెప్పిన మాట ఫ్రీమాంట్‌లో పనికి రాదు.

కాలిఫోర్నియాలో వీటి అధికారిక పేరు ఆర్‌సీఎఫ్‌ఈ, అంటే పెద్దవాళ్ల కోసం నడిపే నివాస సంరక్షణ గృహాలు. రెండొందల గదుల పెద్ద భవనమైనా, మామూలు కాలనీలో ఆరుగురిని పెట్టుకుని నడిపే ఇల్లయినా లైసెన్స్ అదే. ఇచ్చేది ఆరోగ్య శాఖ కాదు, సోషల్ సర్వీసెస్ శాఖ. బోర్డు మీద 'మెమరీ కేర్' (డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా నడిపేది) అని ఉంటే అదేదో వేరే రకం లైసెన్స్ అనుకుంటారు చాలామంది. ఆ లైసెన్సూ ఇదే.

సరే, చట్టం ప్రకారం ఎన్ని గంటల ట్రైనింగ్ ఉండాలి?

స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం లాంటి పనులు నేరుగా చేసే ప్రతి మనిషికీ మొదట్లో 40 గంటలు. అందులో 20 గంటలు ఒంటరిగా డ్యూటీ ఎక్కకముందే పూర్తి కావాలి. ఈ మొదటి 20లో 6 గంటలు అచ్చంగా డిమెన్షియా గురించే ఉండాలి. ఇంకో 4 గంటలు హాస్పిస్‌లో (చివరి దశలో బాధ తగ్గించే సంరక్షణలో) ఉన్నవాళ్లు, కాథెటర్ (మూత్రం గొట్టం), ఆక్సిజన్ లాంటివి ఉన్నవాళ్లు, ఒరిగిపోకుండా బెల్టులూ దిండ్ల లాంటి ఆసరాలు వాడేవాళ్లు, వీళ్ల సంరక్షణ మీద. మిగతా 20 గంటలు ఉద్యోగంలో చేరిన నాలుగు వారాల్లోపు, అందులో మళ్లీ 6 గంటలు డిమెన్షియా. అంటే డిమెన్షియా ఒక్కదానికే 12 గంటలు. మొత్తం 40లో 16 గంటలు కూర్చుని వినేవి కావు, అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి చేత్తో చేసి నేర్చుకోవాల్సినవి.

ఆ తర్వాత ఏటా 20 గంటలు. అందులో 8 గంటలు డిమెన్షియా, 4 గంటలు పైన చెప్పిన హాస్పిస్ వగైరా.

ఈ లెక్క 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు మొదటి నాలుగు వారాల్లో 10 గంటలు, ఏటా 4 గంటలు, అంతే.

ఆ 40 గంటలు సరిపోతాయా?

సరిపోవు. ఇదే రాష్ట్రంలో నర్సింగ్ హోమ్‌లో పనిచేసే సీఎన్ఏ, అంటే సర్టిఫైడ్ నర్స్ అసిస్టెంట్, 160 గంటలు నేర్చుకుని, పరీక్ష పాసయ్యి వస్తాడు. పక్క వీధిలో ఉన్న కేర్ హోమ్‌లో అంతే కష్టమైన మనిషికి స్నానం చేయించే అమ్మాయి 40 గంటలతో వస్తుంది. అలాగని ఆ అమ్మాయికి పని రాదని కాదు. నేను చూసిన మంచి కేర్‌గివర్లలో చాలామంది ఈ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకి వచ్చిన పని మాత్రం ఆ 40 గంటల్లో వచ్చింది కాదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి పక్కనున్న మంచి సీనియర్ నేర్పింది.

డిమెన్షియా ట్రైనింగ్‌లో అసలు ఏం నేర్పుతారు? పెద్దవాళ్లను చూసుకోవడం మనకు తెలియనిదా?

ఈ రెండో ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, కొంచెం వెటకారంగా కూడా. మన ఇళ్లలో దీన్ని చాదస్తం అంటాం. చాదస్తం అనుకున్నప్పుడు చేసేది ఒకటే: సరిదిద్దడం. 'ఇందాకే తిన్నావు కదమ్మా', 'నాన్న పోయి పదేళ్లయింది, మళ్లీ అడుగుతావేంటి' అని. ట్రైనింగ్‌లో మొదటి గంటే ఈ అలవాటు మాన్పించడానికి పోతుంది. అడిగిన ప్రతిసారీ ఆయన పోయారని చెబితే, ఆవిడకి ప్రతిసారీ అది కొత్త చావే.

తర్వాత సాయంత్రం పూట పెరిగే ఆందోళన, ఇల్లు వదిలి బయటికి వెళ్లిపోవడం, మింగలేకపోవడం, పడిపోవడం, నొప్పిని మాటల్లో చెప్పలేనివాళ్ల మొహం చూసి గుర్తుపట్టడం. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి తికమకపడుతుంటే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఇది తెలియని కేర్‌గివర్ 'ఈరోజు మూడ్ బాలేదు' అని రాసి షిఫ్ట్ దిగిపోతుంది.

అన్నిటికంటే కష్టం స్నానం. మా దగ్గర ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు, మన తెలుగాయనే. బాత్రూమ్ అనగానే చెయ్యెత్తేవారు. ఫైల్లో 'స్నానానికి సహకరించరు, కొడతారు' అని రాసి ఉంది. నేను రెండు రోజులు ఊరికే గమనించాను. పై నుంచి షవర్ నీళ్లు ఒక్కసారిగా మొహం మీద పడేసరికి ఆయనకి ప్రాణభయం. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి ఒక ప్లాస్టిక్ బకెట్టూ మగ్గూ కొనుక్కొచ్చాను. గోరువెచ్చటి నీళ్లు నింపి, ఆయన్ని స్టూల్ మీద కూర్చోబెట్టి, భుజాల మీద తువ్వాలు కప్పే ఉంచి, మొదట పాదాల మీద పోశాను. ఏమీ అనలేదు. మగ్గు ఆయన చేతికిచ్చాను. కాసేపు దాన్నే చూసి, ముంచి, ఎడమ భుజం మీద ఆయనే పోసుకున్నారు. ఆ రోజు తలంటు జోలికి పోలేదు, అక్కడితో ఆపేశాం. తర్వాత వారం రోజులు పట్టింది కానీ చెయ్యెత్తడం మాత్రం ఆగింది. పై నుంచి నీళ్లు పోయొద్దు, ఒళ్లంతా ఒకేసారి విప్పొద్దు, చేయగలిగింది వాళ్లనే చేయనివ్వండి అని ట్రైనింగ్‌లో చెప్పినవే ఇవన్నీ. బకెట్టూ మగ్గూ మాత్రం మన ఇంటి నుంచి వచ్చాయి.

ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చెల్లుతుందా?

కొంతవరకు. క్లాసు భాగానికి లెక్చర్లు, వీడియోలు, ఆన్‌లైన్ కోర్సులు వాడుకోవచ్చని చట్టమే అంటుంది. చేత్తో చేయాల్సిన ఆ 16 గంటలు మాత్రం వీడియోతో తీరవు.

నేను మొదట చేరిన చోట ఏం జరిగిందో చెబుతాను, ఏ హోమ్ అన్నది అనవసరం. వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి రెండు గంటల వీడియో ఒకటి చూపించారు, మధ్యలో లేచి ఉల్లిపాయలు కూడా తరిగాను. అయ్యాక ఒక కాగితం ఇచ్చి, 12 గంటల ట్రైనింగ్ అయిపోయిందని సంతకం పెట్టమన్నారు. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, పెట్టాను. మూడో రోజు రాత్రి ఆరుగురికి నేనొక్కదాన్నే. తెల్లవారుజామున ఒకావిడ కోటు వేసుకుని, హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని ముందు తలుపు దగ్గర నిలబడింది, బస్సుకి టైమైందట. నేను తలుపుకి అడ్డం నిలబడి 'నో, నో' అన్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌తో నన్ను కొట్టింది. తప్పు ఆవిడది కాదు. ఇప్పుడైతే నేనూ చెప్పులేసుకుని, 'పదండి, నేనూ బస్టాప్‌కే' అని వరండా దాకా తోడు నడిచి, చలిగా ఉంది, కాస్త టీ తాగి వెళ్దామని వెనక్కి తీసుకొస్తాను. ఈ మాత్రం నేర్పడానికి అరగంట చాలు, ఆ అరగంటే ఎవరూ నాకు ఇవ్వలేదు.

కాబట్టి ఉద్యోగంలో చేరేవాళ్లకి ఒక్క మాట: చేయని గంటలకి సంతకం పెట్టకండి. రేపు ఎవరైనా పడి తుంటి విరిగితే ఇన్‌స్పెక్టర్ ముందు తీసేది ఆ కాగితమే.

మందులు ఇచ్చేవాళ్లకి వేరే ట్రైనింగ్ ఉందా?

ఉంది, పై 40 గంటలకు అదనంగా. 15 మంది లేదా అంతకంటే తక్కువ ఉండే ఇళ్లలో 10 గంటలు, అందులో 6 గంటలు అనుభవం ఉన్నవాళ్ల వెనకాలే ఉండి నేర్చుకోవాలి. 16 మందీ ఆపైన ఉంటే 24 గంటలు, అందులో 16 అలా వెనకాల ఉండి. పరీక్ష కూడా ఉంటుంది. ఏటా 8 గంటలు మళ్లీ.

మందుల దగ్గరే ఇంకో ముఖ్యమైన సంగతి. డిమెన్షియా ఉన్నవాళ్లు అరిచినా, తిరిగినా 'కాస్త నిద్రమాత్ర వేయించండి' అనే మాట కుటుంబాల నుంచే వస్తుంది. మనసుని, ప్రవర్తనని అదుపు చేసే యాంటీసైకోటిక్ మందుల వల్ల డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే ఆ మందుల్లో కొత్త తరం వాటి మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది, 2008లో పాత తరం మందులకీ దాన్ని వర్తింపజేసింది. అసలు అవసరమే ఉండదని నేననను, అది డాక్టర్ తేల్చాలి. కానీ ఈ మందుల దుర్వినియోగం గురించి, మందు లేకుండా ఎలా శాంతపరచాలన్న దాని గురించి సిబ్బందికి తప్పకుండా నేర్పాలని కాలిఫోర్నియా చట్టంలో రాసే ఉంది. ఏ హోమ్‌లోనైనా మధ్యాహ్నం మూడింటికి హాల్లో అందరూ తలలు వాల్చి జోగుతుంటే, ఎందుకని అడగండి.

వంటవాళ్లకీ, క్లీనింగ్ వాళ్లకీ ఈ రూల్ వర్తిస్తుందా?

నేరుగా సేవ చేసేవాళ్లకే ఈ గంటలు. కానీ ఆరు పడకల ఇంట్లో వంట చేసే మనిషే బట్టలు మారుస్తుంది, బట్టలు మార్చే మనిషే గిన్నెలు కడుగుతుంది, అక్కడ అందరికీ వర్తించినట్టే. పెద్ద భవనాల్లో మాత్రం వంటవాడు వేరు.

2013 అక్టోబరులో కాస్ట్రో వ్యాలీలో ఒక హోమ్‌ని మూసేయమని ప్రభుత్వం ఆదేశించాక మిగతా సిబ్బంది ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒక వంటాయన, ఒక క్లీనింగ్ ఆయన మాత్రం ముసలివాళ్లను వదిలి పోలేక జీతం లేకుండా కొన్ని రోజులు వాళ్లే వండి, తినిపించి, మందులు ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది రాష్ట్రం కేర్ హోమ్‌ల చట్టాలు వరసగా మార్చింది, పైన చెప్పిన 40 గంటలు ఆ మార్పుల్లోవే.

రాత్రిపూట ఎవరుంటారు?

పగలు టూర్‌కి వెళ్లినవాళ్లు అడగడం మర్చిపోయే ప్రశ్న ఇది. చిన్న ఇళ్లలో రాత్రి మనిషి ఉంటుంది, కానీ పడుకునే ఉండొచ్చు. మీ నాన్నగారు రాత్రి రెండింటికి లేచి తిరిగే రకమైతే ఆ సంగతి చేరేముందే చెప్పండి, మేలుకుని ఉండే మనిషి కావాలని కాగితం మీద రాయించుకోండి. సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి చేసే సాయం), ఫస్ట్ ఎయిడ్ వచ్చిన కనీసం ఒక్కరు ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండాలన్నది చట్టం, రాత్రికి మినహాయింపు లేదు.

మేం చూసే హోమ్‌లో ట్రైనింగ్ నిజంగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మార్కెటింగ్ మేనేజర్‌ని 'మీ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఉందా' అని అడిగితే ఉందనే అంటారు. అలా అడగకండి. 'నిరుడు ఆ 8 గంటల డిమెన్షియా క్లాసు ఎవరు చెప్పారు, ఏ విషయం మీద' అని అడగండి. 'కొత్తగా చేరినవాళ్లు ఎన్ని రోజులు ఇంకొకరితో కలిసి పనిచేస్తారు' అని అడగండి. తర్వాత వీలుంటే ఒక కేర్‌గివర్‌తో ఒంటరిగా మాట్లాడి, 'మా అమ్మ స్నానం వద్దంటే మీరేం చేస్తారు' అని అడిగి చూడండి. 'కాసేపాగి మళ్లీ వస్తాను, ఆవిడకి ఏ టైమ్ అలవాటో కనుక్కుంటాను' అన్న అమ్మాయికి ఎవరో నేర్పారు. 'ఇద్దరం పట్టుకుని చేయిస్తాం' అంటే ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేయండి.

సోషల్ సర్వీసెస్ శాఖ వెబ్‌సైట్‌లో హోమ్ పేరు కొడితే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, ఫిర్యాదులు, ఎక్కడెక్కడ తప్పు పట్టారో అన్నీ కనిపిస్తాయి. ట్రైనింగ్ రికార్డులు లేవని రాశారేమో చూడండి. ఒక్కసారి రాసి, తర్వాత సరిచేస్తే పెద్ద విషయం కాదు, మాకూ ఒకసారి రాశారు. ప్రతి ఏడాదీ అదే తప్పుంటే ఆలోచించాలి. చేరాక ఇబ్బంది వస్తే, ఇలాంటి ఇళ్లలో ఉండేవాళ్ల ఫిర్యాదులు వినే లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు, 1-800-231-4024, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు అడగరు. హోమ్ వాళ్లు ఈ నంబర్‌ని గోడకి అంటించి ఉంచాలి.

ఖర్చు సంగతి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క: అసిస్టెడ్ లివింగ్ అద్దె, రోజువారీ సేవ ఖర్చు మెడికేర్ (పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) కట్టదు.

మా అమ్మకి ఇంగ్లీష్ రాదు, లేదా వచ్చింది మర్చిపోతోంది. ఎలా?

డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం మామూలే. ముప్పై ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేసినవాళ్లు కూడా ఒక దశ దాటాక తెలుగే మాట్లాడతారు. సిబ్బందికి తెలుగు రావాలని ఏ చట్టమూ లేదు.

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన ఒక తెలుగు చీటీ ఉంటుంది: నీళ్లు, అన్నం, నొప్పి, బాత్రూమ్, వద్దు, చలి, కూర్చోండి, అమ్మా. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ ఇవన్నీ నేర్చుకుంది. ఆమె 'నొప్పా అమ్మా?' అన్నప్పుడు పలికే తీరుకి నవ్వొస్తుంది కానీ, మాకు ఎక్కువ పనికొచ్చేది ఆ ఒక్క మాటే. సాయంత్రం ఐదయ్యేసరికి ఒక పెద్దావిడ 'బియ్యం కడగాలి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది' అని తలుపు దగ్గరికి వెళ్లేవారు. ఆ పిల్లలకి ఇప్పుడు యాభై దాటాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫిలిప్పీన్స్ ఆవిడే ఒక గిన్నె, గుప్పెడు చిక్కుడుకాయలు తెచ్చి ఎదురుగా కూర్చుని ఒక కాయకి పీచు తీయడం మొదలుపెట్టింది, తప్పుగా. పెద్దావిడ చూసి ఊరుకోలేక, లాక్కుని, తీసి చూపించింది. గంట గడిచిపోయింది.

చేర్పించేటప్పుడు మీరూ ఇలాంటి చీటీ రాసివ్వండి. ఆవిడని ఇంట్లో ఏమని పిలుస్తారు, పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు కాదన్నది, పూజ ఎన్నింటికి, చేత్తోనే తింటారన్నది. స్పూన్ వాడడం లేదని 'తినడానికి సాయం కావాలి' అని ఫైల్లో రాసిన సందర్భం నేను చూశాను.

నేను కేర్‌గివర్‌గా చేరాలనుకుంటున్నాను. ఏం కావాలి?

పని చేసే అనుమతి ముందు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేకపోతే కుదరదు, 'క్యాష్‌లో ఇస్తాం' అన్నవాళ్ల జోలికి వెళ్లకండి. 18 ఏళ్లు నిండాలి. లైవ్ స్కాన్‌లో వేలిముద్రలు ఇచ్చి, నేరచరిత్ర లేదని క్లియరెన్స్ వచ్చాకే రెసిడెంట్ల దగ్గరికి వెళ్లాలి. ఆరోగ్య పరీక్ష, టీబీ టెస్టు, ఫస్ట్ ఎయిడ్ ఉండాలి. 40 గంటల ట్రైనింగ్ ఏర్పాటు చేయాల్సింది యజమాని, ఆ గంటలకి జీతం కూడా ఇవ్వాలి. 'ట్రైనింగ్ ఫీజు' అని మీ దగ్గరే తీసుకునేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

మేమే ఒక కేర్ హోమ్ పెడితే?

ఇల్లు కొని, ఆరు మంచాలు వేసి, మనుషుల్ని పెట్టేస్తే అదే నడుస్తుందనుకునే సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్‌కి 80 గంటల కోర్సు, తర్వాత 100 ప్రశ్నల పరీక్ష. రెండేళ్లకోసారి రెన్యువల్, దానికి 40 గంటలు, అందులో 8 డిమెన్షియా. అది తేలికే. రాత్రి షిఫ్ట్ మనిషి రానని ఆదివారం సాయంత్రం మెసేజ్ పెడితే వెళ్లి చేయగలరా అన్నదే అసలు పరీక్ష.

మేం టెక్సాస్‌లో, వాషింగ్టన్‌లో ఉంటాం. అక్కడెలా?

టెక్సాస్‌లో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) సర్టిఫికేషన్ ఉన్న చోట్లకి వేరే రూల్ ఉంది: పని మొదలుపెట్టేముందు 4 గంటల డిమెన్షియా ఓరియంటేషన్, తర్వాత 16 గంటలు పర్యవేక్షణలో పని, ఏటా 12 గంటలు. ఆ సర్టిఫికేషన్ ఉందా లేదా అన్నదే అక్కడ ముందు అడగాల్సింది. వాషింగ్టన్ ఇంకా గట్టిది. అక్కడ కేర్‌గివర్లకి 75 గంటల ట్రైనింగ్, డిమెన్షియా ఉన్నవాళ్లను చూసేవాళ్లకి దాని మీద ప్రత్యేక కోర్సు, ఏటా 12 గంటలు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేర్పిస్తే ఇలాంటి రూల్ ఏదైనా ఉందా?

ఇలా గంటల లెక్క కట్టి అడిగే రూల్ లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వృద్ధాశ్రమాల గురించి మాట్లాడుతుంది కానీ సిబ్బందికి డిమెన్షియా గురించి ఎన్ని గంటలు నేర్పాలో చెప్పదు. అందుకే అక్కడ 'అటెండర్ ఉన్నాడు' అన్న మాటని నమ్మి ఊరుకోకుండా, పైన రాసిన స్నానం ప్రశ్నే అడగండి. అది ఏ దేశంలోనైనా పనికొస్తుంది. సలహా కోసం ఏఆర్‌డీఎస్‌ఐ అనే డిమెన్షియా సంస్థ ఉంది, 1992 నుంచి దేశంలో పనిచేస్తోంది, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

మేం ఇంట్లోనే చూసుకుంటున్నాం. ఈ ట్రైనింగ్ మాకు దొరుకుతుందా?

దొరుకుతుంది, ఉచితంగానే. అల్జీమర్స్ అసోసియేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లో కుటుంబాల కోసం క్లాసులున్నాయి. వాళ్ల హెల్ప్‌లైన్ 1-800-272-3900, అర్ధరాత్రి కూడా మనిషే మాట్లాడతారు. 200కు పైగా భాషల్లో దుబాసీని లైన్లోకి తెస్తారు, కాబట్టి మీ నాన్నగారే ఫోన్ చేసేలా ఉంటే 'తెలుగు' అని ఒక్క మాట చెప్పి లైన్లో ఉండమనండి.